సుధాకర్ వేళ్ళు

మార్చి 3
ఐదింటికి లేచాను. కిటికీ మూసి, గొంతు తగ్గించి ప్రార్థన. రాత్రి నానబెట్టిన పప్పు వడకట్టి, టీ పెట్టాను. భార్య రూతును ఆస్పత్రిలో డ్యూటీకి దింపి, తమ్ముడు సుధాకర్ వచ్చాడు... తలుపు తట్టడం వాడికెప్పుడూ లేదు.
“అక్కా, చట్నీలో ఉప్పేదే? కఫీల్ జీతంలో కోసినట్టు కోశావా?”
“నోరు మూసుకుని తినరా.”
పొయ్యి మీంచి దించిన స్టీలు గ్లాసు. నేను గుడ్డతో పట్టుకుని పెట్టాను. వాడు వట్టి చేత్తో ఎత్తాడు. చెయ్యి మార్చుకోలేదు.

మార్చి 4
జనవరిలో గ్యారేజీలో, ఇంజనుకి గాలి తోసే వేడి టర్బోకి తగిలి కాలిన వాడి కుడిచేతి వేళ్ళు. మూడు వారాలు కట్టు నేనే కట్టాను. చర్మం చక్కగా వచ్చిందని మురిసిపోయాను. స్పర్శ సంగతి అడగలేదు. ముప్పై ఏళ్ళుగా నర్సుని!

మార్చి 6, శుక్రవారం
తమ్ముడూ నేనూ గ్యారేజీకి బిర్యానీ తీసుకెళ్ళాం. మగవాళ్ళ చోటు, నేను కారులోనే ఉన్నాను. షట్టరు ఎత్తి ఉంది. పందెం కారు టర్బో బల్ల మీద. వాడు రెండు వేళ్ళతో దాని ఇరుసు, ఆ షాఫ్టు పట్టుకుని కదిపి, తల ఊపాడు. అంతే పరీక్ష.
వాడికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ నా వైపు చూసి, “సిస్టర్, సుధా కీ ఉంగ్లీ మషీన్ సే అచ్ఛీ!”
నిజమే, వాడి వేళ్ళు మిషను కంటే నయం. యుద్ధమైన ఏడాది గల్ఫ్‌కి వచ్చి, పాల ట్యాంకర్ల టర్బోలు బాగుచేసి సంపాదించిన పేరు.
వాడే అన్నాడొకసారి— “షాఫ్టు వెంట్రుకవాసి ఎక్కువ ఊగినా రెక్క గోడకి తగుల్తాదక్కా. తగిల్తే ఆ వేగంలో ముక్కలే.”
ఆ పందెం కారు నడిపేది కఫీల్ తమ్ముడు ఫహద్. ఇరవై రెండేళ్ళు.

మార్చి 8
వాడి కళ్ళు మూయించాను. దూది తీశాను.
“ఇప్పుడు?”
“తగిలింది.”
“ఇప్పుడు?”
“ఆఁ, తగిలిందే. చక్కిలిగిలి కూడాను.”
రెండుసార్లూ నేను ముట్టుకోలేదు.
ముట్టుకోలేదని చెప్పాను. నవ్వు ఆగిపోయింది. “కఫీల్‌కి చెప్పకక్కా. వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తాడు.”

మార్చి 9
బైబిలు వాక్యం చదివాను. ఒక్క ముక్క ఎక్కలేదు. శుక్రవారం బహ్రెయిన్‌లో పందెం.

మార్చి 10
సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. రూతు ఏడవలేదు. “ఆ ఫహద్‌కీ తల్లుంది గదండీ,” అంది. “వదినా, మీరైనా చెప్పండి.”
వాడి చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చిన్నప్పుడూ ఇంతే, తప్పు చేస్తే చెయ్యి చాపేవాడు.
చివరికి వాడే అన్నాడు, “షాఫ్టు ఎంత ఊగుతుందో కొలిచే గేజీ ఉంది. ఇన్నాళ్ళూ నామోషీ అని ముట్టుకోలేదు.”
తేల్చింది ఇది. రేపు ఇంజను కారులో దించకముందే కఫీల్‌కి వాడే చెప్పాలి. ఆ టర్బో మళ్ళీ విప్పి, గేజీ పెట్టి చూడమనాలి. పంపేస్తే వాడొక్కడే ఊరికి వెళ్ళాలి, రూతు ఉద్యోగం మానకూడదు. ఎనిమిదింటికి బయల్దేరాలి. మాట ఎత్తేది వాడు. నేను పక్కన ఉండాలి, అంతే.