నీ కాపీలో ఉన్న మూడు లైన్లు

బుధవారం, మార్చి 18

అన్నయ్యకు చెల్లెలి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. వదినా పిల్లలూ బాగున్నారని నిన్న ఫోన్‌లో తెలిసింది. నువ్వు బాగుండకపోవడానికి కారణమేమీ లేదు కాబట్టి నిన్ను అడగను. ఆఫీసులో పక్క గదిలో కూర్చునే మనిషికి ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఎదురుగా నిలబడితే నాకు ఏడుపొస్తుంది. నేను ఏడిస్తే నువ్వు ఓదారుస్తావు, నువ్వు ఓదారిస్తే నేను మెత్తబడతాను. చిన్నప్పటినుంచీ ఇదే తంతు. ఈసారి కుదరదు.

మనం రాసిన టైపింగ్ ప్రోగ్రాం, ఆ ఎడిటర్, కోర్టు టైపిస్టుగారి దగ్గర ఉన్నట్టుండి మూసుకుపోయి, సగం రోజు టైపింగ్ మింగేసింది కదా. తప్పు ఎవరిదని మీటింగులో మేనేజరు అడిగారు. టైపు చేసింది వెనక్కి తీసుకునే అన్‌డూ భాగం నాది, అక్షరదోషాలు పట్టే భాగం నీది. నువ్వు బల్లకేసి చూస్తూ, "అన్‌డూలోనే అయ్యుంటుంది. చెల్లి చూసుకుంటుందిలెండి," అన్నావు. నాకు పని నేర్పినవాడివి నువ్వే అన్నాక ఇంక అడిగేదెవరు? నేనే నమ్మాను. కొత్త వెర్షన్ నుంచి నన్ను తప్పించారు. క్యాంటీన్‌లో నాకు ‘మింగుడమ్మ’ అని పేరు పెట్టారు. నువ్వూ నవ్వావు.

ప్రోగ్రాం తాజా కాపీ ఇదేనంటూ నీది నాకిచ్చి, దాని మీదే వెతకమన్నావు. ఆరు వారాలు వెతికాను. నేను రాసిన ప్రతి లైనునూ అనుమానించాను. ఒక్కసారి కూడా మూసుకుపోలేదు.

చివరికి వెళ్లి టైపిస్టుగారి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆవిడ ఒకే పత్రాన్ని రెండు విండోల్లో తెరుస్తారు. పైదాంట్లో చూస్తూ కిందదాంట్లో టైపు చేస్తారు. పేజీ పూర్తవగానే పైదాన్ని చూడకుండానే మూసేస్తారు. అదేమిటని అడిగితే, పనైపోయిన కాగితం ఎదురుగా ఉంటే తనకు చిరాకన్నారు. మూడో రోజు నా కళ్లముందే ఎడిటర్ పోయింది. మూసిన విండో తన మెమరీని తిరిగి ఇచ్చేసింది, నీ భాగం మాత్రం ఇంకా అక్కడే చదువుతోంది. ఖాళీ చేసిన ఇంట్లోకి పాత తాళంచెవితో వెళ్లినట్టు. ఈలోగా ఆ చోటు వేరే పనికి వెళ్లిపోతే అంతా కూలుతుంది, లేకపోతే ఏమీ కాదు. అందుకే అది ఎప్పుడో ఒకప్పుడే వచ్చేది.

అదే పని నీ కాపీ మీద చేశాను. ఐదువందల సార్లు. చెక్కుచెదరలేదు. ఆవిడ మెషీన్‌లోని కాపీనీ నీదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నీదాంట్లో మూడు లైన్లు ఎక్కువ. నీ భాగం చదవడం అయ్యేదాకా విండోను ఆగమనే లైన్లు. వాటి తారీఖు మీటింగుకు ముందు రోజు.

తెలిసే చేశావన్నమాట. తప్పు చేసినందుకు కాదు నా బాధ, తప్పులు నేనూ చేస్తాను. నీ కాపీ నువ్వు బాగుచేసుకుని, అందులో లేని తప్పును వెతకమని నన్ను కూర్చోబెట్టావు. ఆ నెలాఖరుకే నీకు చీఫ్ పదవి వచ్చింది. అందాకా నీ పేరు శుభ్రంగా ఉండాలి, దానికి నా పేరు పనికొచ్చింది. అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో. అదే నాకు మరీ మండుతోంది.

వదినకు నా తరఫున ఏమీ చెప్పకు. నేనే చెప్పుకుంటాను.

ఇట్లు,
నువ్వు పని నేర్పిన
చెల్లెలు

తా.క.: ఒక నిజం దాచాను. ఆ మూడు లైన్లు నాకు కనిపించింది ఇవాళ కాదు, తొమ్మిది రోజుల కిందట. టైపిస్టుగారి మెషీన్ ఆ సాయంత్రమే బాగుచేసి వచ్చాను. నీ అంతట నువ్వే చెబుతావని ఆగాను. సెలవులు పోను ఏడు రోజులు, పొద్దున్నే నీ గుమ్మంలో నిలబడి ఇంకా దొరకలేదని చెప్పాను. ఏడుసార్లూ నువ్వు నా కళ్లలోకి చూసి, "వెతుకు తల్లీ, దొరుకుతుంది," అన్నావు. ఇవాళ కూడా అన్నాక, రిపోర్టు మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.