మగ్గం ఆగితే చాయ్

బాపూ,

నీ సంవత్సరీకం అయిపోయింది. చుట్టాలంతా కోహెడ బస్సెక్కారు. సిద్దిపేటలో ఇక నేనూ అవ్వా, తల్లీబిడ్డలం ఇద్దరమే. నీకో మంచి మాట చెప్పాలి, అవ్వ బాగుంది.

సాయంత్రం నీ మగ్గం ఆగగానే అవ్వ చాయ్ పెట్టేది కదా. నువ్వు పోయాక కూడా, పక్కింటి మగ్గం చప్పుడు ఆగితే చాలు, లేచి మూడు గ్లాసుల్లో పోసేది. నీ గ్లాసు చల్లారాక గానీ తేరుకునేది కాదు. "గాలి సోకింది, తాయెత్తు కట్టియ్యి" అని అత్త నన్ను ఒకటే పోరింది. నాకూ భయం వేసింది.

తర్వాత మా బీఈడీ సైకాలజీ పుస్తకంలో కుక్క పాఠం వచ్చింది. రోజూ గంట కొట్టి తిండి పెడితే, కొన్నాళ్లకు గంట వింటే చాలు, దానికి నోరూరుతుందట. తిండి పెట్టకుండా ఉత్త గంటే కొడుతూ పోతే, ఆ అలవాటు మెల్లగా పోతుందట. ఇది రోగం కాదని అవ్వకు చదివి వినిపించాను.

"నన్ను కుక్కతోని పోలుస్తున్నవా?" అని కస్సుమంది. తాయెత్తు మాట మాత్రం మళ్లీ రాలేదు.

ఇందాక పక్కింటి మగ్గం ఆగింది. అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతోంది, తల కూడా ఎత్తలేదు. హమ్మయ్య అనుకుంటూ నేనే వెళ్లి చాయ్ పెట్టి తెచ్చాను.

అవ్వ నా చేతిలోని పళ్లెం చూసి నవ్వింది. "మూడు గ్లాసులు తెచ్చినవ్ బిడ్డా. నీకు సుత ఇంకొన్ని దినాలు పడ్తది."

మూడోది చల్లారకముందే ఇద్దరం పంచుకుని తాగాం.