లంచ్ బాక్సు మూత

వాల్టర్,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు రాని తెలుగులోనే రాస్తున్నాను.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన మీరంతా రాసిన కవితలను మన ఆసుపత్రి చిన్న పుస్తకంగా వేసింది. ఇవాళ నర్సు నీ కవిత చదివింది. తుపాకులుంటాయనుకున్నాను. వరిపొలం ఉంది, బురద ఉంది, చివర్లో నేనున్నాను: "అన్నం వాసనకు నేను వణికిపోతే, డాక్టర్ తన లంచ్ బాక్సు మూసేసింది."

"సో కైండ్ ఆఫ్ యూ, డాక్టర్!" అంది నర్సు. నేను తలూపాను.

ఆ రోజు కెఫెటేరియాలో ఎదురుగా కూర్చున్న నువ్వు తల తిప్పుకుంటే, నా పప్పన్నం వాసన నీకు పడలేదనుకున్నాను. సిగ్గుతో, కాస్త కోపంతో మూత పెట్టేశాను. అప్పటినుంచి బ్రెడ్డే తెచ్చుకుంటున్నాను.

నీ వణుకు నేను చూడనేలేదు, వాల్టర్.