అద్దాలు కాదు సార్, ఆ మిషను

ప్రిన్సిపాల్ గారికి,

లేడీస్ హాస్టల్ వార్డెన్‌ని రాస్తున్నానండి.

కళ్ళకలక వచ్చినవాళ్ళని చూస్తే అంటుకుంటుందని పిల్లలందరి చేతా నల్లకళ్ళద్దాలు కొనిపించారు. తిరువూరు షాపుల్లో అద్దాలు అయిపోయాయి గానీ కలక ఆగలేదు. అది చూపుతో అంటదు సార్, చేతులతో అంటుతుంది. కళ్ళు నలుపుకున్న చేత్తోనే అందరూ ఆ హాజరు మిషను మీద వేలు పెడుతున్నారు. దాన్ని ఆపించండని ఎంత మొత్తుకున్నా "రూలు రూలేనమ్మా" అన్నారు. ఎ.కొండూరు అమ్మాయి షైని, కళ్ళు తెరవలేక పక్కపిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళి మరీ వేలు వేసొచ్చింది. ఇప్పుడు ఆ పక్కపిల్లా మంచం ఎక్కింది.

ఇవాళ నాకూ వచ్చింది. ఫోన్ చేసి సెలవడిగితే, స్వయంగా వచ్చి వేలిముద్ర వేసి, చీటీ ఇచ్చి వెళ్ళమన్నారు. వచ్చాను, వేశాను. మిషను తుడుద్దామని గుడ్డ తెచ్చేలోపే మీరొచ్చి దానిమీద వేలు పెట్టి, అదే చేత్తో నల్లద్దాలు సర్దుకుంటూ గదిలోకి వెళ్ళిపోయారు. పిలిచాను, వినిపించుకోలేదు.

అందుకే అటెండర్ బల్ల మీద ఈ చీటీ రాస్తున్నాను. ముందు చేతులు కడుక్కోండి సార్. ఈపాటికే కళ్ళు నలుపుకుని ఉంటే మాత్రం, సెలవు కోసం రేపు మీరూ వచ్చి వేలు వెయ్యాలి. రూలు రూలే కదండీ.