కర్రోడికి బొచ్చొచ్చింది

బిడ్డా, నీ కర్రోడికి వీపు నిండా మళ్లీ బొచ్చొచ్చింది! నువ్వు పోయి ఏడాదైన ఈ రోజునే, చూడు! గోకి గోకి పుండ్లు పడ్డ నీ కుక్కను అడవిలో వదిలెయ్యమని చుట్టాలందరూ నా మీద పడ్డారు. పశువుల దవాఖానా డాక్టరమ్మ అలర్జీ అని మాత్రలు రాస్తే మీ టేకులపల్లి బాబాయి అడ్డొచ్చాడు.

"గది స్టెరాయిడ్ అన్నా, పానం తీస్తది. ఇంజన్ ఆయిల్ పూయరాదే!"

"ముందు నువ్వు పూసుకొని రాపో!" అన్నాను.

రోజూ పొద్దున అన్నం ముద్దలో మాత్ర పెట్టాను. దురద తగ్గినా ఒక్కసారిగా మానెయ్యకుండా, డాక్టరమ్మ చెప్పినట్టే సగం, పావు చేశాను. ఆ మాత్రల దాహానికి వీడు బిందెడు నీళ్లు తాగి వసారా అంతా ఉచ్చతో తడిపాడు, తడపనీ!

టేకులపల్లి బాబాయికి, చండ్రుగొండ పెద్దమ్మకు, సారపాక మామకు వీణ్ని ఆటోలో తీసుకెళ్లి మరీ చూపిస్తాను. మీ అమ్మకు మాత్రం నువ్వే చెప్పు, ఆమె పైన నీ దగ్గరే ఉంది కదా.