తెర చెప్పిన పాఠం

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం, మీ మరిది గొంతు తప్ప.

పోయిన మంగళవారం అది పూర్తిగా మూగబోయింది. మర్నాడే ఆయన ట్యూషన్ పిల్లలకి ఇంగ్లీషు పరీక్ష. ప్రధాన వాక్యానికీ ఉపవాక్యానికీ తేడా వాళ్లకింకా అంతుబట్టలేదు. ఏడాదిగా వంటింటి తెర వెనక కూరలు తరుగుతూ ఆ పాఠం వింటున్నాను కదా, సిగ్గుపడుతూ తెర వెనక నుంచే మొదలుపెట్టాను.

"ఒకరు 'వెన్ ది బెల్ రింగ్స్' అనండి. విన్నవాళ్లకి 'అయితే ఏంటి?' అని అడగాలనిపిస్తే అది ఉపవాక్యం, దానికి తోడు కావాలి. 'వి గో హోమ్' అంటే ఎవరూ ఏమీ అడగరు. అది ప్రధానం."

"సార్, ఇవాళ తెర పాఠం చెబుతోంది," అంది ముందు వరసలో గడుగ్గాయి. నాకూ నవ్వాగలేదు. గంటసేపు "అయితే ఏంటి?" అని ఇల్లెగిరిపోయేలా అరిచారు. పరీక్షలో అందరూ గట్టెక్కారు.

ఆయన పలక మీద రాసి చూపించారు: "నువ్వూ పదో తరగతి పరీక్ష రాయకూడదూ?" నేనేమో ఐదో తరగతి దాకా చదివినదాన్ని. కానీ రాయాలని ఉందక్కా. నా బడి సర్టిఫికెట్ నీ పెట్టెలోనే ఉంది, పంపించు. అమ్మకి ఇప్పుడే చెప్పకు.

ఉతకడానికని తెర తీశాను. ఆరి నాలుగు రోజులైంది, ఇంకా కట్టలేదు.

నీ చెల్లెలు