ఎండిన తొట్టెను తోమిన తకెజో

కోడలు మిత్సుయెకు,

నా మోకాలు నయమే, బెంగపడకు. మొన్నటి భూకంపానికి, నేను మోకాలి నొప్పికి స్నానాలు చేద్దామని వచ్చిన ఇక్కడి వేడినీటి ఊట ఆగిపోయింది. అయినా తొట్టెలు చూసుకునే ముసలాయన తకెజో తెల్లవారగానే ఎండిన చెక్కతొట్టెను తోమేవాడు.

"నీళ్ళే లేవు, ఎవరి కోసమయ్యా ఈ చాకిరీ?" అని ఎగతాళి చేశాను.

"వచ్చేసరికి ఇల్లు మురిగ్గా ఉంటే ఆ ఊటతల్లి గడప తొక్కుతుందామ్మా?" అన్నాడు.

పదకొండో రోజున కొండ లోపల ఏదో గుర్రుమంది. పాలలాంటి నీరు పొగలు కక్కుతూ గొట్టంలోంచి దూకింది. తకెజో మొదటి చెంబు కొండకే పోసి సాగిలపడ్డాడు. పక్కనే నేనూ మోకరిల్లాను. నొప్పి గుర్తే రాలేదు.

ముల్లంగి ఊరగాయ పంపు. పిల్లలకు ముద్దులు. ఎండిపోయిందని పోయినేడు మన బావికి మూత వేయించాను కదా, అది తీయించి అడుగు శుభ్రంగా కడిగించు.

మీ అత్తయ్య
కికునో